తుపాను వేళ రేవులోని ఓడ

జగ్గయ్యపేటకు సమీపమున ముక్త్యాలవద్ద కృష్ణానదిలో పడవలను ఒడ్డునకు కట్టియుంచుట మీలో కొందరు చూచియుందురు. పడవవాడు త్రాటిని మరీ బిగించి కట్టడు. వరద వచ్చినచో పడవ నీటితోపాటు పైకి లేచును; త్రాడు పొట్టిదైనచో తెగును, లేదా పడవ ఒరిగి మునుగును. మిక్కిలి వదులుగా కట్టినను ప్రమాదమే. పడవ ఒడ్డునకు కొట్టుకొని పగులును. సముద్రపు రేవులో వేల టన్నుల ఓడను కట్టువారికిని ఇదియే చిక్కు.

బంగాళాఖాతమున వాయుగుండము ఏర్పడగనే వాతావరణ శాఖవారు రేవులకు హెచ్చరిక పంపుదురు. అంతట రేవులలో 1 మొదలు 11 వరకు గల ప్రమాద సూచికలలో తగినదానిని ఎగురవేయుదురు. 1, 2 సూచికలు దూరమున నున్న ఆపదను తెలుపును. 10వది తుపాను ఆ రేవుమీదుగా గాని, మిక్కిలి చేరువగా గాని తీరము దాటునని చెప్పును. వార్తా సంబంధములు తెగిపోయినప్పుడు 11వది ఎగురును.

హెచ్చరిక అందిన పిమ్మట పెద్ద ఓడలను తరచు నడిసముద్రమునకు పంపివేయుదురు. ఇది మీకు వింతగా తోచవచ్చును. లోతునీటిలో అలల కెదురుగా నిలిచిన ఓడ వాని నెక్కి దిగగలదు. గట్టు చెంత నున్న ఓడయో రాతిగోడకు కొట్టుకొనును. అయితే గాలి ముదిరిన పిమ్మట రేవు దాటుట అసాధ్యము. కావున ముందే బయలుదేరవలెను.

యంత్రము మరమ్మతులో నున్న ఓడ కదలజాలదు. దానికి ముందునను వెనుకను మోకులను రెట్టించి కట్టుదురు. రాపిడి తగులు చోట్ల గోనెపట్టలు చుట్టుదురు. ఉప్పెనకు నీటిమట్టము పెరుగునని తలచి మోకులకు కొంత సడలింపు ఉంచుదురు. గట్టునకును ఓడకును నడుమ రబ్బరు మెత్తలు వ్రేలాడదీయుదురు. సరకు గదుల మూతలు బిగించి, ఖాళీ ఓడ తేలిక గనుక దాని అడుగు తొట్లను నీటితో నింపుదురు. ఆ పిమ్మట, చీకటి పడకముందే, మనుష్యులను లెక్కించి మెరక ప్రదేశమునకు చేర్తురు. తుపాను కన్ను పైనుండి పోవునప్పుడు గాలి కొంతసేపు అణగును. అది చూచి మరల ఓడ నెక్కరాదు. ఎదురు దిక్కునుండి గాలి తిరిగి విరుచుకొనిపడును.

2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండము కాకినాడ సమీపమున తీరము దాటినది. ఆనాడు విశాఖపట్టణమువద్ద లంగరు వేసియున్న ‘మా’ అను బంగ్లాదేశ్ ఓడ గాలి తాకిడికి కొట్టుకొనివచ్చి, తెన్నేటి పార్కు చెంత రాళ్ళపైకి ఎక్కినది. అది తుపాను స్థాయికి చేరని గాలియే. అయినను లంగరు ఆపలేకపోయినది. అందలి 15 మంది నావికులును క్షేమముగా బయటపడిరి.

1977 నవంబరు 19న దివిసీమ కంతటి అదృష్టము కలుగలేదు. సకాలమున ఇండ్లు విడిచి పోలేని వేలమంది ఉప్పెన పాలైరి.

బాలలారా! సముద్రము మనకు దూరమని నిశ్చింతగా నుండరాదు. 2024 సెప్టెంబరు తొలి దినములలో బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండమువలననే మునేరు పొంగి నందిగామ ప్రాంతమును ముంచినది. తెగిన మోకును మరల పేనవచ్చును, పగిలిన ఓడను మరల కట్టవచ్చును. పోయిన ప్రాణమును తేజాలము. కావున హెచ్చరిక విన్నప్పుడు కట్టవలసినదానిని కట్టి, వేళ మించకముందే కదలుడు.