తేలితే చాలదు, నిలవాలి!

మా పాలంపేటకి ఎవరొచ్చినా ముందుగా అడిగేది నీళ్లలో తేలే ఇటుక గురించే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు అంత తేలిక మరి! కింద గోడల మీద బరువు పడకూడదని ఆనాటి శిల్పుల ఆలోచన.

విశాఖలో ఓడల నిర్మాణం చదువుతున్న మా ఆడపడుచు కూతురు మొన్న సెలవులకి వచ్చినప్పుడు నేనూ గొప్పగా ఆ ఇటుక సంగతే ఎత్తాను. “తేలడం ఒక ఎత్తు అత్తమ్మా. తేలుతూ, తుఫానులో కూడా ఒరిగిపోకుండా నిలబడడం ఇంకో ఎత్తు” అంది. అప్పుడు చెప్పుకొచ్చింది తేలే గాలిమరల కథ.

సముద్రం మీద గాలికి అడ్డం ఉండదు, కరెంటు బాగా పుడుతుంది. లోతు తక్కువైన చోట స్తంభాన్ని అడుగున పాతేయొచ్చు. అరవై మీటర్ల లోతు దాటితే మాత్రం ఆ ఖర్చు భరించలేం. అందుకే స్తంభాన్ని తేలే దిమ్మె మీద నిలబెట్టి, గొలుసులతో అడుగుకి కట్టేస్తారు. 2017లో స్కాట్లాండ్ తీరానికి దూరంగా ఇలాంటివి ఐదు నిలబెట్టారు. ఒక్కోటీ 253 మీటర్ల పొడవు. అందులో 78 మీటర్లు నీళ్లలోనే! అడుగున బరువు నింపుతారు కాబట్టి తంజావూరు బొమ్మలా ఒరిగినా మళ్లీ లేస్తుంది.

కానీ అది లేస్తుందని ముందే ఎలా తెలుస్తుంది? తొట్టిలో పెట్టి చూస్తారట. ఒక పక్క పెద్ద పలకలు కదిలి అలలు పుట్టిస్తాయి, వరుసగా పేర్చిన పంకాలు గాలి వీస్తాయి. మధ్యలో చిన్న నమూనా. మొదట అలలు లేని నీళ్లలో దాన్ని కాస్త వంచి వదిలేసి, ఒకసారి అటూ ఇటూ ఊగడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెడతారు. ఉయ్యాలని సరైన సమయంలో తోస్తే చిన్న తోపుకే ఎంతెత్తు లేస్తుందో మనకు తెలుసు కదా! అలల లయా, దిమ్మె ఊగే లయా కలిశాయంటే అంతే సంగతులు. ఆ తర్వాతే అలలు, గాలి, రెండూ కలిపి తుఫాను.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నలుగురికి చేసే పప్పుచారు కొలతల్ని నాలుగొందల మందికి హెచ్చవేసి చూడండి... ఉప్పూ, పులుపూ, మంటా ఒకే లెక్కన పెరగవు. నమూనాకీ అంతే. యాభయ్యో వంతుకి తగ్గిస్తే పది మీటర్ల అల ఇరవై సెంటీమీటర్లవుతుంది. కాలం మాత్రం ఏడో వంతుకే తగ్గుతుంది. పద్నాలుగు సెకన్లకోసారి వచ్చే అల రెండు సెకన్లకోసారి రావాలి. బరువైతే లక్షా పాతికవేల వంతు! పదివేల టన్నుల దిమ్మె ఎనభై కిలోలకి దిగుతుంది. ఈ లెక్కకి దారి చూపినవాడు విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1870ల్లోనే తొట్టిలో ఓడల నమూనాలు లాగి చూశాడాయన.

ఈ లెక్క అలలకి సరిపోతుంది, రెక్కలకి సరిపోదు. చిన్న రెక్కకి, మెల్లని వేగంలో, అదే గాలి జిగటగా తోస్తుందట. 2011లో అమెరికాలోని మెయిన్ యూనివర్సిటీ వాళ్లు నెదర్లాండ్స్‌లోని మారిన్ అనే పరిశోధన సంస్థ తొట్టిలో యాభయ్యో వంతు నమూనాని పరీక్షించారు. అసలు రెక్కల్ని అచ్చం అలాగే చిన్నవి చేసి పెడితే గాలి తోపు చాలినంత రాలేదు. తర్వాత రూపం మార్చి కొత్త రెక్కలు చేశారు, 2013లో మళ్లీ పరీక్షించారు. అంటే నమూనా చూడ్డానికి అసలుదానిలా ఉండక్కర్లేదు, దెబ్బలు అసలుదానిలా తినాలి!

మన దగ్గర తేలే గాలిమరలు ఇంకా రాలేదు. 2024 జూన్‌లో కేంద్రం ఆమోదించిన 7,453 కోట్ల రూపాయల సముద్ర గాలి పథకం కూడా గుజరాత్, తమిళనాడు తీరాలదే. తొట్లు మాత్రం మనకు కొత్త కాదు. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాలలో ఓడల నమూనాల్ని లాగి చూసే తొట్టి 500 మీటర్ల పొడవుంది. మద్రాసు ఐఐటీలోనూ అలల తొట్లున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఎలా ఊపేసిందో చూశాం. అలాంటి తీరంలో రేపు ఏది నిలబెట్టాలన్నా ముందు తొట్టిలో వంద సార్లు ఒరిగి చూడాల్సిందే. అక్కడ ఒరిగితే పోయేది ఒక పూట పని. సముద్రంలో ఒరిగితే?

ఇంత వివరంగా చెప్పిన పిల్లని మా ఆడపడుచు ఇప్పటికీ “ఆడపిల్లకి ఓడలెందుకే, కంప్యూటర్లు చదవక” అని సాధిస్తూనే ఉంది. అలా అనేది ఆవిడ ఒక్కర్తే కాదు. ఆ చదువులో ఏముందో మనకు తెలియదు కాబట్టి భయం. ఇంటర్ చదివే అమ్మాయి మీ ఇంట్లో ఉండి, ఇలాంటి కోర్సు పేరు ఎత్తిందనుకోండి. వద్దనే ముందు పక్కన కూర్చోబెట్టుకుని అందులో ఏం నేర్పుతారో చెప్పించుకోండి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. మనకి అర్థమయ్యేలా చెప్పగలిగిందంటే, ఆ చదువు మీద ఆమె మనసు గట్టిదే అనుకోవచ్చు.