పరీక్షలో పెట్టిన ఒట్టు

మా పెనుగంచిప్రోలులో అప్పుసప్పుల విషయమై మాటపట్టింపు వచ్చినపుడు, పత్రమును సాక్షియు లేనిచోట, ఆడవారు పలుకు మాట యొకటి కలదు: "అమ్మవారి గుడికి వచ్చి ప్రమాణము చేయుము." మున్నేటి యొడ్డున వెలసిన తిరుపతమ్మతల్లి సన్నిధిని అబద్ధపుటొట్టు పెట్టుటకు గుండె చాలక, గుడి వాకిటనే నిజము నొప్పుకొన్నవారిని మే మెఱుగుదుము. ఒట్టునకు ఇంత విలువ గల యీ యూరిలోనే, పరీక్ష యనగానే ఆ భయము ఎటుపోవునో తెలియదు. కొలతలో గిద్దెడు తగ్గించిన అంగడివానిని నలుగురిలో నిలదీయు తల్లియే, ప్రక్కవాని కాగితము చూచి వ్రాసివచ్చిన కుమారుని తెలివిగలవాడని మెచ్చుకొనును.

గత వేసవిలో మా పొరుగింటి వదినగారు కొంగున ఒక బంగారు గాజు ముడివేసికొని మా యింటికి వచ్చిరి. వారి కుమారుడు హైదరాబాదులో ఎం. బి. ఏ., అనగా వ్యాపారనిర్వహణ విద్య, రెండవ సంవత్సరము చదువుచున్నాడు.

"అబ్బాయికి ప్రాజెక్టు పుస్తకము కావాలట వదినగారూ! వ్రాసి యిచ్చేవాళ్లు ఉన్నారట, పదివేలు అడుగుతున్నారట. ఈ గాజు మీ దగ్గర ఉంచుకొని డబ్బు సర్దండి" అనిరి.

"అది అబ్బాయి స్వయముగా వ్రాయవలసినది కాదా?" అని అడిగితిమి.

"అందరూ అట్లాగే చేస్తున్నారట. మాకేమి తెలుసును? వాడు తప్పితే మేము తట్టుకోలేము" అని వారు కన్నీరు పెట్టుకొనిరి.

ఆ పూట మేము వారికి ఔననియు కాదనియు చెప్పలేకపోతిమి. ఏల చెప్పలేకపోతిమో తరువాత విన్నవింతుము. "అందరూ అట్లాగే చేస్తున్నారట" అన్న యీ చిన్న మాటలో ఎంత యున్నదో ముందు చూతము.

పరదేశపు విద్యాలయములు కొన్నింటిలో విద్యార్థిచేత ప్రమాణము చేయించు పద్ధతి కలదు. దీనిని 'ఆనర్ కోడ్' అందురు. మన మాటలో గౌరవనియమ మనవచ్చును. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమున 1840లో ముసుగు ధరించిన విద్యార్థి యొకడు డేవిస్ అను ఆచార్యుని తుపాకితో కాల్చి చంపెను. గురుశిష్యుల నడుమ నమ్మకము నశించిన ఆ దినములలో, 1842లో టక్కర్ అను ఆచార్యుడు ఒక మార్గమును చూపెను. పరీక్ష వ్రాసిన ప్రతివాడును, తాను ఇతరుల సాయము పొందలేదని తన గౌరవము సాక్షిగా కాగితముపై వ్రాసి సంతకము చేయవలెను. గురువు నమ్మవలెను, ఆ నమ్మకమును నిలుపుకొను బరువు విద్యార్థులదే. ఈ పద్ధతి అచటినుండి అనేక విద్యాలయములకు ప్రాకెను.

ఇది మనకు కొత్తది కాదు. తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, చదువు ముగించి యింటికి మరలు శిష్యునకు గురువు చేయు ఉపదేశము సత్యముతోనే ఆరంభ మగును. పట్టము చేతికిచ్చుటకు ముందే ప్రమాణమును గుర్తుచేయుట మన పూర్వుల పద్ధతియే.

ప్రమాణ మున్నంతమాత్రమున కపటము పోవునా యనిన, పోదు. మెక్కేబ్ మొదలగు పరిశోధకులు అమెరికా, కెనడా దేశములలోని 5 వేలకు మించిన ఉన్నతవిద్యార్థుల నడిగి 2006లో ప్రకటించిన లెక్క ప్రకారము, వ్యాపారవిద్య చదువువారిలో నూటికి 56 మంది తాము అంతకుముందు సంవత్సరములో ఏదోయొక కపటము చేసితి మని యొప్పుకొనిరి. తక్కిన విద్యలవారిలో అట్టివారు నూటికి 47 మంది. కారణము వెదకగా వారికి ప్రధానముగా కన్పించినది శిక్షాభయము లేకపోవుట గాదు. తోటివారందఱును అట్లే చేయుచున్నారను తలంపు. మా వదినగారి మాటయే గదా యిది! మరుసటి సంవత్సరము, 2007లో, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు వ్యాపారవిద్యాలయమున, ఇంటికి తీసికొనిపోయి ఎవరికివారు వ్రాయవలసిన పరీక్షను కలిసి వ్రాసిరని 34 మంది దోషులుగా తేలిరి. వారిలో 9 మందికి బహిష్కారము విధింపబడెను. వారెల్లరును గౌరవనియమమునకు లోబడినవారే.

తరగతిలోని చిన్న కపటము సంసారమున ఎంత దూరము పోవునో మన హైదరాబాదే చూచినది. సత్యమను పేరు పెట్టుకొన్న కంప్యూటరు కంపెనీ అధిపతి రామలింగరాజుగారు 2009 జనవరి 7వ తేదీన ఒక లేఖ వ్రాసి, ఖాతాలలో 5,040 కోట్ల రూపాయలు లేనివి ఉన్నట్లు చూపబడిన వని వెల్లడించిరి. తొలుత స్వల్పమైన తేడా ఏటేట పెరిగి, పులిమీద స్వారివలె దిగరాని దయ్యెనని ఆ లేఖలో వ్రాసికొనిరి. సుమారు 50 వేలమంది యుద్యోగుల కుటుంబములు ఆ దినములలో నిద్రలేక గడపినవి. 2015 ఏప్రిల్ 9వ తేదీన హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనకును మఱి తొమ్మండుగురకును ఏడేండ్ల శిక్ష విధించెను; వారు ఆ తీర్పుపై అప్పీలు చేసికొనిరి. ఆ కంపెనీ పాలకమండలిలో స్వతంత్ర సభ్యుడుగా నుండిన ప్రసిద్ధ వ్యాపారవిద్యాలయపు డీనుగారు 2009 జనవరిలోనే తమ డీను పదవిని విడిచిరి. ఎంత పెద్ద చదువులైనను ఎదుట నున్న లెక్కలోని అబద్ధమును పట్టలేకపోయినవి.

భారతకథలో కర్ణుని తలంచుకొనుడు. తన కులమును దాచి, బ్రాహ్మణుడనని బొంకి, పరశురామునికడ అస్త్రవిద్య నేర్చెను. నిజము తెలిసిన గురువు, ప్రాణము మీదికి వచ్చిన వేళ ఆ విద్య జ్ఞప్తికి రాకుండు గాక యని శపించెను. మనకు కర్ణునియందు జాలి లేకపోలేదు. తలుపులు మూసియున్నందుననే యతడు బొంకెను. నేటి పేదబిడ్డలకును అప్పుచేసి చదువుట, తప్పినచో ఇంటివారి ముఖము చూడలేకుండుట యను కష్టము లున్నవి. జాలి వేఱు, శాపము వేఱు. బొంకుతో తెచ్చుకొన్న విద్య అక్కఱకు రాదన్నది ఏ గురువును శపింపకపోయినను జరుగునదే. కొనితెచ్చిన పుస్తకముతో పట్టము పొందినవాడు, రేపు ఉద్యోగములో లెక్క అడిగిననాడు రథము దిగబడిన కర్ణునివలె నిలువవలసినదే.

చట్టములు లేవా యందురేమో! మన రాష్ట్రమున పరీక్షాక్రమములలోని అక్రమములను అణచుటకు 1997లోనే చట్టము వచ్చెను. దేశమంతటికి 2024లో వచ్చిన చట్టము ముఠాలు కట్టి ప్రశ్నపత్రములు వెల్లడించువారికి పదేండ్లవఱకు చెఱయు, కోటి రూపాయలకు తగ్గని జరిమానాయు నిర్ణయించెను. అయినను 2022లో మన పదవతరగతి ప్రశ్నపత్రములు సెల్ ఫోనులలో తిరిగినవి. పట్టుబడినవారిలో ఉపాధ్యాయులును కలరు. ఉపాధ్యాయుని భార్యనై యీ వాక్యము వ్రాయుటకు సిగ్గగుచున్నది. చట్టము వాకిటి తలుపునకు గడియ మాత్రమే. ఇంటిలోనివారే తలుపు తీసిననాడు గడియ యేమి చేయును?

ఇప్పుడు మా సంగతి. రెండేండ్ల క్రితము మా చిన్నవాడు బడిలో మట్టితో కృష్ణానది పటము చేయవలసివచ్చెను. వానికి జ్వరమని చెప్పుకొని, రాత్రి కూర్చుండి మేమే చేసితిమి. దానికి మొదటి బహుమతి వచ్చెను. తన చేతులతో చేసికొనివచ్చిన కూలివారి బాలికకు రెండవది వచ్చెను. మేము మురిసిపోయితిమి. మావాడు మాత్రము ఆ బహుమతిని బట్టల పెట్టెలో అడుగున దాచి, "అమ్మా, అది నీది గదా" అనెను. ఆ మాట మమ్ము నిద్రపోనీయలేదు. వారితో చెప్పగా, రాత్రి వారేమియు పలుకలేదు. తెల్లవారగానే పిల్లవానిని వెంటబెట్టుకొని పోయి, అది తల్లి చేసిన దని ప్రధానోపాధ్యాయులకు చెప్పి, బహుమతిని తిరిగి యిచ్చివేసిరి. అది ఆ బాలికకు చేరెను. పదిదినములు మేము వీధిలోనికి తలయెత్తి పోలేకపోతిమి. అందుచేతనే వదినగారికి వెంటనే బుద్ధి చెప్ప నోరు రాలేదు.

మఱునాడు మేమే వారింటికి పోయి, గాజు తిరిగి యిచ్చి, ఈ కథయంతయు చెప్పితిమి. వారు చాలసేపు ఊరకుండి, కుమారునకు ఫోను చేసిరి. అబ్బాయి ఊరికి వచ్చి, గుడిముందరి కొబ్బరికాయల, గాజుల, బొమ్మల దుకాణములవారి నడుమ మూడువారములు కూర్చుండి, తిరునాళ్లలో వారి పెట్టుబడి యెంత, మిగులు ఎంత యని తానే అడిగి వ్రాసికొనెను. ఎన్ని మార్కులు వచ్చునో మాకు తెలియదు. వాని తల్లి మాత్రము ఆ పుస్తకమును కొంగుతో తుడిచి మాకు చూపిరి.

సోదరీమణులారా! ఇప్పుడు అడిగిన క్షణములో వ్యాసము వ్రాసి యిచ్చు యంత్రములును వచ్చినవి. వానిని ముట్టరాదని మేము చెప్పము. వియ్యపురాలికి అంగడి ఆవకాయ వడ్డించుట తప్పు గాదు, మేము పెట్టిన దని చెప్పుటయే తప్పు. సాయము పొందిననాడు పొందితి మని చెప్పుట బిడ్డలకు నేర్పుదము.

గౌరవనియమము నిలువవలెనన్న విద్యాలయము చేయవలసినవి కలవు: వ్రాసినదానిని నోటితో చెప్పించి చూచుట, తప్పొప్పుకొన్నవానియెడ దయ చూపుట, నిందను మాత్రము నిదానముగా విచారించుట. నిందవలన ఎంత దుఃఖము కలుగునో మా తిరుపతమ్మతల్లి కథ తెలిసినవారికి చెప్పవలసిన పని లేదు. ఇంటిలో చేయవలసినది ఒక్కటే. బిడ్డ బడినుండి రాగానే "ఎన్ని వచ్చినవి?" అని యడుగుటకు ముందు, "నీవే వ్రాసితివా?" అని యడుగుదము. నిజము చెప్పిన బిడ్డకు తక్కువ మార్కులు వచ్చినను, ఆ పూట అన్నము మునుపటి ప్రేమతోనే వడ్డింతము.