నురుగు నలిగితే తల నిలుస్తుంది!
దెబ్బను ముందే లెక్కగట్టే కంప్యూటర్

మోటారు సైకిలు మీద నుంచి పడినా తల పగలలేదంటే ఆ ఘనత హెల్మెట్ పైడిప్పదే అనుకుంటారు చాలామంది. అసలు పని చేసేది లోపలి తెల్లని నురుగు పొర. మనం థర్మకోల్ అని పిలిచే పాలిస్టిరీన్ జాతిదే అది. అందులో నూటికి 90 పాళ్లకు పైగా గాలే.

ఈ నురుగు మూడు దశల్లో నలుగుతుంది. మొదట బిగిసి నిలుస్తుంది. తర్వాత లోపలి గాలి గదుల గోడలు ఒంగి కూలుతాయి. పొర నలుగుతూనే ఉంటుంది కానీ ఒత్తిడి పెద్దగా పెరగదు. దెబ్బ బలం ఖర్చయ్యేది ఇక్కడే. గదులన్నీ కూలిపోయాక నురుగు గట్టిపడుతుంది. ఇంకా మిగిలిన దెబ్బ తలకే తగులుతుంది. నురుగు మరీ మెత్తనైతే ఈ మూడో దశ తొందరగా వచ్చేస్తుంది. మరీ గట్టిదైతే అసలు నలగదు. రెండూ ప్రమాదమే.

ఏ నురుగు ఎలా నలుగుతుందో చెప్పే సూత్రాలను లోర్నా గిబ్సన్, మైకేల్ ఆష్‌బీ అనే శాస్త్రవేత్తలు 1988లో ఒక గ్రంథంగా వెలువరించారు. అయితే వేడి, దెబ్బ వేగం, సాంద్రత మారితే నురుగు తీరూ మారుతుంది. ప్రతి రకాన్నీ యంత్రంలో నలిపి చూడాలంటే డబ్బూ కాలమూ కావాలి.

అందుకే పరిశోధకులు న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటర్ పద్ధతిని ఆశ్రయిస్తున్నారు. గింజ కొరికి తేమ చెప్పే ధాన్యం వ్యాపారికి ఏ సూత్రమూ తెలియదు. వేల గింజలు కొరికిన అనుభవమే అతని చదువు. ఇదీ అంతే. నలిపి చూసిన నురుగుల సాంద్రత, వేడి, వేగం, వాటికి వచ్చిన ఒత్తిడి లెక్కలు దానికి ఇస్తారు. అది ఊహించి చెబుతుంది. తప్పిన మేరకు లోపలి అంకెలను సరిదిద్దుకుంటుంది. ఇలా వేలసార్లు సాగాక, నలపని నురుగు సంగతి కూడా క్షణాల్లో చెప్పగలదు.

ఒక చిక్కుంది. వడ్లు తప్ప ఎరుగని వ్యాపారి చేతిలో మిరపకాయలు పెడితే ఏం చెబుతాడు? నేర్చిన హద్దు దాటితే ఈ యంత్రమూ ధీమాగా తప్పు చెబుతుంది. కనుక హెల్మెట్‌ను చివరికి కొట్టి చూడాల్సిందే. ఐఎస్ఐ గుర్తు ఆ పరీక్షకు సంబంధించినదే.

వాడేవారు మరువకూడని సంగతి ఒకటుంది. ఒకసారి నలిగిన ఈ నురుగు మళ్లీ మునుపటిలా లేవదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి నిగనిగలాడినా సరే, దాన్ని పక్కన పెట్టాల్సిందే.