నీటికి హద్దు: హరీమ్ నియమం, హైదరాబాదు అనుభవం

నగరం పెరిగేకొద్దీ నేల ధర పెరుగుతుంది. ధర పెరిగినప్పుడు మొట్టమొదట మాయమయ్యేవి అడిగే యజమాని లేని స్థలాలు. అవే చెరువు శిఖాలు, వాగు ఒడ్లు, వర్షపునీరు పారే పల్లపు దారులు. ఎండాకాలంలో అవి ఖాళీ జాగాల వలె కనబడుతాయి. వానాకాలంలో నీరు తన చోటు తాను వెదుక్కుంటూ వస్తుంది. ఈ ఖాళీ స్థలంపై ఎవరికి హక్కు? దాన్ని కాపాడే భారం ఎవరిది? నేటి పట్టణ ప్రణాళికకు ఇవి ముఖ్యమైన ప్రశ్నలు. మన ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) వీటిని పూర్వమే చర్చించి ఉన్నారు.

హరీమ్ అనగా నేమి?

‘హరీమ్’ అనగా ఇతరులు జొరబడరాని రక్షిత స్థలం. ఫిఖ్హ్ పరిభాషలో బావి, ఊట, కాలువ మొదలైన వాటి చుట్టూ విడిచిపెట్టవలసిన నేలకు ఈ పేరు. బీడుభూమిని సాగులోకి తెచ్చినవాడు దానికి హక్కుదారు అవుతాడన్నది షరీఅత్‌లో ప్రసిద్ధ సూత్రం. కాని ఆ హక్కు హరీమ్ లోపలికి రాదు. హనఫీ గ్రంథాలు పశువులకు నీరు తోడే బావికి 40 మూరలు, ఊటకు 500 మూరలు హరీమ్‌గా పేర్కొన్నాయి. బావి దగ్గర పశువులు నిలబడడానికి చోటుండాలి; పక్కన మరొకడు గొయ్యి త్రవ్వి ఆ నీటిని లాగుకొనరాదు. ఈ హద్దుకు కారణాలు ఇవే. కొలతలలో ఇమాముల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. నీటితోపాటు దాని చుట్టూ కొంత నేల కూడా ఉండితీరాలన్న మూలభావం మాత్రం అందరికీ సమ్మతమే.

మూసీ నేర్పిన పాఠం

ఇక మన హైదరాబాదును చూద్దాము. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. పరిశీలనకు పిలిపింపబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలోని గట్లను మాత్రమే చూచి ఊరుకోలేదు. నది ఎగువ ప్రాంతమంతటినీ లెక్కించారు. అక్కడి 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలింది. వరదను నగరం చేరకముందే ఆపాలన్నది ఆయన సలహా. దాని ఫలితంగా 1920లో మూసీపై ఉస్మాన్ సాగర్, 1927లో దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ పూర్తయినాయి. ఇవి వరదను ఆపడమేగాక దశాబ్దాల తరబడి నగరవాసులకు త్రాగునీరు అందించాయి. 1912లో నెలకొల్పిన నగరాభివృద్ధి మండలి రోడ్లు, ఇండ్లు, ఉద్యానవనాల పని చేపట్టింది.

1996లో ప్రభుత్వం ఉత్తర్వు 111 జారీచేసి ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకుండా నిషేధించింది. దీనికి ఫిఖ్హ్‌తో సంబంధం లేదు. అయినా ఉద్దేశాన్ని బట్టి చూస్తే ఇది కూడా ఒక హరీమే. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీరు వస్తున్నదని, జంట జలాశయాలపై ఆధారపడడం బాగా తగ్గిపోయిందని చెప్పి 2022 ఏప్రిల్‌లో ఉత్తర్వు 69 ద్వారా ఆ ఆంక్షలను సడలించారు. ఈ వాదం త్రాగునీటిని లెక్కించింది గాని వరదను లెక్కించలేదు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు హాఫిజ్ బాబానగర్ మునిగిన సంగతి మన పాఠకులలో పలువురు కండ్లారా చూచినదే.

భారం ఎవరిది?

ఇక్కడ రెండవ పక్షం మాట కూడా వినాలి. ఉత్తర్వు 111 పరిధిలోని 84 గ్రామాల రైతులు నగరం కొరకు పాతికేండ్లకు పైగా తమ భూమి విలువను వదులుకున్నారు. వారికి దక్కిన ప్రతిఫలమేమిటి? అట్లే 2024లో మూసీ గర్భంలోని పేదల ఇండ్లకు గుర్తులు వేసి, కుటుంబాలను ప్రభుత్వ గృహాలకు తరలించడం మొదలైంది. నది దారి నదికి వదలవలసిందే. కాని కూలిపని, పిల్లల బడి, ఇరుగుపొరుగు అన్నీ పాతబస్తీలోనే ఉన్న కుటుంబానికి దూరాన ఇచ్చిన రెండు గదులు పూర్తి పరిహారం కాగలవా?

ఉస్మానీ తుర్కీ రాజ్యంలో 1869-1876 మధ్య క్రోడీకరించిన ‘మజల్లా’ శాసన సంపుటి ఈ విషయంలో రెండు సూత్రాలను పక్కపక్కన నిలుపుతుంది. ప్రజలందరికీ కలుగబోయే హానిని తొలగించడానికి ఒక వ్యక్తికి కలిగే నష్టాన్ని సహించవలసి ఉంటుందన్నది 26వ నిబంధన భావం. రోడ్డు కొరకు ఒకరి ఆస్తిని తీసుకోవలసి వస్తే దాని విలువ చెల్లించాలని, చెల్లించేవరకు అతని చేతినుండి తీసుకోరాదని 1216వ నిబంధన శాసిస్తుంది. మొదటిదాన్ని పట్టుకొని రెండవదాన్ని విడిచిపెడితే అది న్యాయం కానేరదు.

కనుక నీటి హద్దును గూర్చిన ఏ ఉత్తర్వు వచ్చినా మనం మూడు విషయాలు విచారించాలి. ఆ హద్దు ధనికుని భవనానికి, పేదవాని గుడిసెకు సమానంగా వర్తిస్తున్నదా? నష్టపోయేవారికి ముందుగా పరిహారం అందుతున్నదా? దిగువనున్న బస్తీల భద్రతను లెక్కలోనికి తీసుకున్నారా? ఈ విచారణ మన ఇంటి నుండే మొదలు కావాలి. చౌకగా వచ్చిందని శిఖం భూమిలో ప్లాటు కొనేవాడు, దాన్ని అమ్మినవానితోపాటు, పొరుగువాని ఇంటిలోకి వరదను పంపుతున్నాడు. పొరుగువాని హక్కు మన దీన్‌లో ఎంతటిదో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.