ఎడారి జలాశయము – దిగువకు వదలిన నీరు

చీనా దేశపు పడమటి కొనయందు, షింజియాంగు ప్రాంతములో, తారిమ్ అను నది కలదు. అది సముద్రమును చేరదు. కొండలమీది మంచునీటితో ఎనిమిదివందల మైళ్లు ప్రవహించి ఎడారిలోనే అంతరించును. దిగువభాగమున నదికి ఇరువైపుల ఇసుక యెడారులే. నదిని పట్టుకొని పెరిగిన సన్నని అడవి యొక్కటే ఆ రెండిటిని కలియనీయక ఆపుచుండెను.

1972లో ఆ నదిపై దాషీహైజీ జలాశయమును కట్టిరి. ఎగువను ప్రత్తి సాగు పెరిగినకొలది నీరంతయు పొలములకే సరిపోయి, కట్టకు దిగువ రెండువందల మైళ్ల నది యెండిపోయెను. కొసనున్న తైతెమా సరస్సును ఇంకిపోయెను. చివరి తూము రైతునకు నీరందని బాధ మన మెరుగనిది కాదు. అచ్చట చివరి తూము అడవిది, దానికి ఫిర్యాదు చేయు నోరు లేదు.

అడవి వెంటనే చావలేదు. మోసమంతయు ఇందే యున్నది. అచ్చట ఏటికి రెండంగుళముల వానయైనను కురియదు. హూయాంగ్ అను చెట్టు వేళ్లు దించి, నదినుండి ఇసుకలోనికి ప్రక్కలకు ఊరిన నీటిని త్రాగి బ్రతుకును. నది నిలువగా ఊట ఏటేట క్రుంగి, పెక్కుచోట్ల పాతిక అడుగులు దాటెను. అప్పుడు కొనలు ఎండెను, మొలకలు పుట్టుట మానెను, ఇసుక బాటలమీదికి వచ్చెను.

2000వ సంవత్సరమున బోస్తెన్ సరస్సు నీటిని కొంచే నది మీదుగా తెచ్చి, ఆ జలాశయపు తూములగుండానే దిగువకు వదలసాగిరి. తొలిసారి నీటిని ఎండిన ఏరే త్రాగివేసెను. 2001 నవంబరులో గాని నీరు తైతెమాను చేరలేదు. ఏటి దరిని ఊట పైకివచ్చి, మోడులనుకొన్న చెట్లు చిగిర్చెను.

ఈ నీరు ఊరక రాలేదు. 2001లో చీనా ప్రభుత్వము 1,070 కోట్ల యువానుల పథకమును మంజూరు చేసినది. కాలువలకు సిమెంటు పూత, ప్రత్తిచేలకు బిందుసేద్యము మొదలగు పనులతో ఎగువను నీటిని మిగిల్చిరి.

అయినను లోటున్నది. మేలు ముఖ్యముగా ఏటికి అరమైలు పర్యంతమే కనబడినది. హూయాంగు విత్తనము కొద్దివారములే జీవించును. వరద ప్రక్కలకు పొర్లి తడి ఒండ్రు పరచిన చోటనే మొలచును. ఒకే పాయలో తిన్నగా పోవు నీరు ముసలిచెట్లను నిలుపునేగాని పిల్లచెట్లను పుట్టింపదు. కావున పిమ్మట ప్రక్కపాయలకును నీటిని మరలించి, పల్లములందు పొర్లించుచున్నారు.