బల్ల ఎంత పొడవుంటే బండి సులువుగా ఎక్కుతుంది?

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఇల్లు మారేవారి బైకును ‘ఛోటా హాథీ’ అని పిలిచే టాటా ఏస్‌లోకి ఎక్కించడం చూసే ఉంటారు. వాలుగా ఒక చెక్క బల్ల, హ్యాండిల్ దగ్గర ఒకరు, వెనక నెట్టేవారు ఇద్దరు. బల్ల జారితే బండి పడేది ఆ ఇద్దరి మీదే.

బడిలో చదివిన వాలుతలమే ఇది. తొట్టి ఎత్తు రెండున్నర అడుగులు, బండి బరువు 150 కిలోలు అనుకుందాం. ఐదడుగుల బల్లకు వాలు 30 డిగ్రీలు. ఘర్షణను పక్కన పెట్టినా, 75 కిలోలు ఎత్తేంత బలం కావాలి. బల్ల ఏడున్నర అడుగులుంటే 50 కిలోల బలం చాలు. పని తగ్గదు, నెట్టే దూరం పెరుగుతుందంతే.

ఇసుకలో, పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల ఏటీవీకి ఇంజిను ఉంది కదా, పొట్టి రాంపు చాలదా? చాలదు. వాలు నిటారైతే బరువు వెనక చక్రాల మీదికి జరిగి ముందు భాగం లేస్తుంది. పైఅంచు దగ్గర బండి అడుగుభాగం తట్టుకుంటుంది. విల్లులా వంగిన రాంపులు అందుకే. పైగా ఒక్కసారిగా వేగం పెంచితే చక్రం రాంపునే వెనక్కి తంతుంది. కాబట్టి రాంపును పట్టీలతో ట్రక్కుకు కట్టాల్సిందే. దానిమీద రాసిన సామర్థ్యం జతకా, ఒక్కదానికా చూసుకోవాలి. నడిపేవారి బరువునూ కలపాలి.

ఢిల్లీ చలికాలపు పొగమంచులో తడిసిన నున్నటి చెక్క కంటే చిల్లుల లోహపు రాంపు నయం.

పొడవైనది దొరకలేదా? ట్రక్కు వెనక చక్రాలను పల్లంలో నిలపండి. ఎత్తు అర అడుగు తగ్గితే ఆ ఐదడుగుల బల్లే దాదాపు 24 డిగ్రీల వాలుకు దిగుతుంది.