గోడకు పట్టిన బూజు

కామారెడ్డి జిల్లాలోని దోమకొండలో ఒక కోట కలదు. పూర్వము దోమకొండ సంస్థానాధీశులు అందు నివసించిరి. కోటలోపల మహాదేవుని ఆలయమును, రాచనగరును ఉన్నవి. ఆలనాపాలన లేక శిథిలమైన యీ కట్టడములను ఆ వంశీయులే పూనుకొని బాగుచేయించిరి. 2022వ సంవత్సరమున యునెస్కో సంస్థ ఆసియా, పసిఫిక్ దేశముల వారసత్వ పరిరక్షణకై యిచ్చు పురస్కారములలో నొకటి యీ కోటకు లభించెను. చూడవచ్చినవారు బురుజులను, స్తంభములను మెచ్చుకొందురు. కాని ఇట్టి పాత కట్టడములకు నేడు శత్రుభయము లేదు. ఉన్న భయమంతయు వాననీటి వలననే.

జూన్ నుండి సెప్టెంబరు వరకు కురియు వానలకు కప్పు కారినను, నేలతేమ పైకి ప్రాకినను గోడ చెమ్మగిల్లును. అటుపై నల్లనివియు, పచ్చనివియు మచ్చలు పుట్టును. అదియే బూజు. ఇంటి మూలల వ్రేలాడు సాలెగూళ్లను కూడ బూజనియే అందురు గాని, అవి వేరు. గోడ బూజు ఒక శిలీంధ్రము. కంటికి కనబడని దాని సిద్ధబీజములు గాలిలో ఎల్లప్పుడును తేలుచుండును. తడి దొరికినచో రెండుమూడు దినములలోనే అవి మొలకెత్తును. ఉబ్బసము గలవారికి ఆ గాలి మిక్కిలి హాని చేయును.

కోటకైనను, పేదవాని పెంకుటింటికైనను ఇది సమానమే. ఇంటి యజమాని విసిగి గుత్తేదారును పిలుచును. వచ్చినవానికి ఈ పని తెలియునా, తెలియదా? చిక్కంతయు ఇక్కడనే యున్నది.

తెలిసినవాడు రాగానే డబ్బాలు విప్పడు. మొదట కప్పు నెక్కును, తూములు చూచును, గోడ అడుగున చేయి పెట్టి చూచును. నీరు ఎటనుండి వచ్చుచున్నదో తేల్చనిదే ధర చెప్పడు. తెలియనివాడు బ్లీచింగు నీటితో తుడిచి, పైన రంగు వేసి, సొమ్ము పుచ్చుకొని పోవును. తడి ఆగలేదు గనుక మరుసటి వానకు మచ్చ మరల వచ్చును. గోడను పొడిగా గీకించువాడు ఇంకను ప్రమాదకారి. సిద్ధబీజములను ఇల్లంతయు చల్లువాడతడే.

ఒక చిన్న పరీక్ష కలదు. గోడపై తెల్లని పొడి కనబడినపుడు అది బూజా, ఉప్పా యని అడుగవలెను. తడివ్రేలితో తాకిన ఉప్పు కరగును, బూజు కరగదు. ఈ భేదము నెరుగనివానికి గోడ నప్పగించుట ఎట్లు? పాతగోడ డంగుసున్నముతో కట్టినదైనచో దానిపై సిమెంటు పూయుదుమనువానిని కూడ సందేహింపవలెను. సున్నపు గోడ లోని తేమను బయటికి విడుచును. సిమెంటు పూత దానిని లోపలనే బంధించును.

కొందరు కాగితములు చూపుదురు. జి.ఎస్.టి. సంఖ్యలో పదునైదు అక్షరములును అంకెలును ఉండును. తెలంగాణమున నమోదైనచో అది 36తో మొదలగును. ఆ సంఖ్య నిజమో కాదో ఎవరైనను సరిచూచుకొనవచ్చును. కాని అది పన్నునకు సంబంధించిన నమోదు మాత్రమే. పనితనమును గూర్చి అది ఏమియు చెప్పదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున 2016 నుండి బూజును పరీక్షించువానికిని, తొలగించువానికిని వేర్వేరు అనుమతిపత్రములు కావలెను. ఒకే యింట ఆ రెండు పనులను ఒక్కడే చేయరాదు. పరీక్షించువాడే పనివాడైనచో లేని రోగమును ఉన్నదనుటకు ఆశ పుట్టును గదా!

అయినను గొప్ప పేరు సయితము ఒక్కొక్కప్పుడు చాలదు. అజంతా గుహలు నాడు, దోమకొండ వలెనే, నిజాము రాజ్యములో నుండెను. అచ్చటి చిత్రములు పొరలు పొరలుగా ఊడిపోవుచుండగా, 1920లో నిజాము ప్రభుత్వము ఇటలీ నుండి చెక్కోని, ఓర్సీనీ యను నిపుణులను రప్పించెను. వారు ఊడుచున్న పొరలను గోడకు అతికించిరి. అది మంచి పనియే. కాని పైన లక్క వార్నిషు కూడ పూసిరి. కాలక్రమమున అది పసుపుబారి చిత్రములను మసకబరచెను. పిమ్మట ఆ పొరను తొలగించుటకు భారత పురావస్తుశాఖ రసాయన నిపుణులు ఎంతయో శ్రమింపవలసివచ్చెను.

కావున మెలకువగల యజమాని గుత్తేదారు చేసిన పాత పనిని, అది కనీసము రెండు వానకాలములు గడచినదైనచో, స్వయముగా పోయి చూచును. ఆ యింటివారితో మాటాడును. తన యింట మొదట ఒక్క మూల మాత్రమే చేయించును. ఏమి చేయుదురో, ఏమి పూయుదురో వ్రాయించుకొని, సొమ్ములో కొంత భాగమును వానలు వెలియువరకు తన యొద్దనే నిలుపుకొనును. మంచి పనివాడు ఈ షరతుకు నొచ్చుకొనడు. భాద్రపదము దాటిన పిమ్మట తానే వచ్చి, ఆ మూల గోడను అరచేత తడిమి చూచి, మిగిలిన సొమ్ము అడుగును.